అక్షరాభ్యాసానికి ముందే గ్రంథాలయానికి

చదవడం రాని మనిషికి గ్రంథాలయంలో ఏం పని అన్న ప్రశ్న మా ఇంట్లో కొన్నాళ్ళపాటు నలిగింది. ఆ మనిషి మా పాప. ఎనిమిదో నెల నడుస్తోంది. పాకుతోంది, చేతికి దొరికినదాన్నల్లా నోట్లో పెట్టుకుంటోంది. తెనాలి ప్రాంతంలో, కాలువను ఆనుకుని ఉన్న మా ఊళ్ళో జిల్లా గ్రంథాలయ సంస్థ వారి శాఖా గ్రంథాలయం ఒకటి ఉంది. పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి నేను అందులో సభ్యురాలిని. కాన్పుతో ఆగిపోయిన రాకపోకలను మళ్ళీ మొదలుపెడదామనుకుని, ఈసారి పాపను కూడా చంకనేసుకుని వెళ్తానని చెప్పాను. మా అత్తయ్యగారు వద్దనలేదు గానీ, ‘‘అక్షరాభ్యాసమైనా కాని పిల్లకు గ్రంథాలయం ఏమిటమ్మాయ్? బాసరకో, మన ఊరి గుడికో తీసుకెళ్ళి పలక పట్టించాక నీ ఇష్టం వచ్చినన్నిసార్లు తీసుకెళ్దువుగాని’’ అన్నారు.

ఆవిడ మాట వెనక ఒక ఆచారం ఉంది కాబట్టి దాన్ని నవ్వుతూ తోసెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. పళ్ళెంలో పోసిన బియ్యం మీద పిల్ల వేలు పట్టించి ఓంకారం దిద్దించిన రోజునే చదువు మొదలైనట్టు లెక్క. అంతకు ముందు పుస్తకం పిల్లల వస్తువు కాదు, చిరిగిపోకుండా పిల్లలకు అందకుండా దాచుకోవలసిన పెద్దల వస్తువు. అయితే అదే ఆచారం అక్షరాభ్యాసానికి చాలా ముందు ఒకసారి పుస్తకాన్ని తెచ్చి పిల్లల ముందు పెడుతుందన్న సంగతి మనం పెద్దగా పట్టించుకోం. ఆడపిల్ల గనుక పాపకు అన్నప్రాశన ఏడో నెలలో చేశాం. పీట ముందు పుస్తకం, కలం, బంగారు గొలుసు, డబ్బు, చిన్న కత్తి, పూలు వరసగా పేర్చి పాపను వదిలితే, ఆ వరసను తొక్కుకుంటూ వెళ్ళి అది పరమాన్నం వెండిగిన్నె అంచు పట్టుకుంది. అందరూ నవ్వారు. పాప బయలుదేరే ముందు మా అత్తయ్యగారు మునివేళ్ళతో పుస్తకాన్ని మాత్రం జానెడు ముందుకు జరపడం నేను చూశాను. ఆ పుస్తకాన్ని పాప పట్టుకుని ఉంటే ఊరంతా చెప్పుకుని మురిసిపోయేవాళ్ళం. మర్నాటి నుంచి అదే పుస్తకాన్ని బీరువా పైఅరలో పెట్టి, మళ్ళీ మూడో ఏటో అయిదో ఏటో బయటికి తీసేవాళ్ళం. అన్నప్రాశనకూ అక్షరాభ్యాసానికీ నడుమ ఉన్న ఆ ఏళ్ళలో పుస్తకానికీ పిల్లకూ సంబంధం ఎవరు చూడాలి? ఇదే మాట అడిగితే అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, ‘‘దుమ్ములో కూర్చోపెట్టకు, తుండుగుడ్డ తీసుకెళ్ళు’’ అన్నారు. అది అనుమతేనని మావారు తేల్చారు.

చదవడం రాని మనిషికి గ్రంథాలయంలో పనేమిటన్న ప్రశ్నకు మన ప్రాంతపు చరిత్ర ఎప్పుడో సమాధానం చెప్పింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో గ్రంథాలయాల వాళ్ళంతా సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించుకున్న రోజుల్లో, ఊళ్ళలో చదువు వచ్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. పుస్తకాలు కొని అలమరలో పెట్టి తలుపులు తీసి కూర్చుంటే వచ్చేవాళ్ళు కరువయ్యే కాలం అది. అందుకే ఆ ఉద్యమకారులు పత్రికను ఒకరు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ కూర్చుని వినేలా చేశారు, రాత్రి బడులు నడిపారు, హరికథలూ ఉపన్యాసాలూ పెట్టించారు. పుస్తకం దగ్గరకు మనిషి రాలేకపోతే మనిషి దగ్గరకే పుస్తకాన్ని పంపారు: 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కొల్లూరుకూ పెదవడ్లపూడికీ మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిచింది. ఈ డెల్టాలో పుట్టిపెరిగినవాళ్ళకు ఆ ఊళ్ళ పేర్లు కొత్త కాదు గానీ, ఆ కాలువ మీద ధాన్యం బస్తాలతో పాటు పుస్తకాలూ ప్రయాణించాయన్న సంగతి చాలామందికి కొత్తే. ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, మన గ్రంథాలయం పుట్టినప్పుడు నిశ్శబ్దంగా పుట్టలేదు. అక్కడ గొంతులు వినిపించేవి, చదువు రానివాళ్ళు హక్కుగా కూర్చునేవాళ్ళు. ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డుకు గోడ మీద ఇంత ప్రాముఖ్యం రావడం తరవాతి కథ.

మా గ్రంథాలయం ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. పాప మధ్యాహ్నం నిద్ర లేచి, పాలు తాగి, ఇంకా చిరాకు మొదలవని నాలుగు గంటల వేళను ఎంచుకున్నాను. పసిపిల్లలతో ఎక్కడికి వెళ్ళినా సగం విజయం వేళను బట్టే ఉంటుంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, బల్ల మీద రిజిస్టరులో సంతకం చేయాలి. రోజుకు ఎంతమంది వచ్చారన్న లెక్క పైఅధికారులకు వెళ్ళేది ఆ సంతకాలను బట్టే కాబట్టి, మా లైబ్రేరియన్ గారు దాని విషయంలో పట్టుదలగా ఉంటారు. నేను నా పేరు రాసి కలం పెట్టబోతుంటే ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, ‘‘పాప పేరు కూడా రాయండమ్మా, లోపలికి వచ్చిన ప్రతివాళ్ళూ పాఠకులే’’ అన్నారు. వయసు గడిలో ఏం రాయాలో తోచక ‘8 నెలలు’ అని పూర్తిగా రాశాను. నా ఎడమచేతిలోంచి వంగి పాప ఆ కలానికి కట్టిన దారాన్ని పట్టుకుంది. విడిపించేసరికి వెనక ఇద్దరు పెద్దమనుషులు నిలబడిపోయారు.

లోపలి హాలును చూస్తే ఎవరికైనా ముందు బెదురు కలుగుతుంది. పత్రికల స్టాండ్ల దగ్గర రిటైరైన మాస్టార్లు, ధాన్యం కమీషను వ్యాపారులు నిలబడి చదువుకుంటూ ఉంటారు. మిగిలిన బల్లలన్నీ పోటీపరీక్షలకు చదువుకునేవాళ్ళవి. డీఎస్సీ, గ్రూప్‌-2, పోలీసు ఉద్యోగాలు. లావుపాటి గైడు, పక్కనే మంచినీళ్ళ సీసా, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా. ఇంట్లో చదువుకోవడానికి గది లేని పిల్లలకు ఈ హాలు ఎంత పెద్ద ఆసరానో నాకు తెలుసు, మా తమ్ముడు కూడా ఇలాంటి హాల్లోనే చదివి ఉద్యోగం తెచ్చుకున్నాడు. కాబట్టి వాళ్ళ మధ్య పసిపిల్లను దింపి ఏడిపించడం న్యాయం కాదు. అదృష్టవశాత్తూ పక్కన బాలల విభాగమని ఒక గది ఉంది. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన పోటీలూ, వేసవి సెలవుల్లో శిబిరాలూ జరిగేది ఆ గదిలోనే. తక్కిన రోజుల్లో తాళం వేయకపోయినా లోపలికి వెళ్ళేవాళ్ళుండరు. మేం వెళ్ళేసరికి అందులో రెండు ఎత్తయిన అలమరలు, గోడకు ఒక ప్రపంచపటం, మూలన చుట్టిపెట్టిన పెద్ద జంపఖానా ఉన్నాయి. లైబ్రేరియన్ గారు అటెండరును పిలిచి జంపఖానా పరిపించారు. దాని మీద నేను తెచ్చుకున్న తుండుగుడ్డ పరిచి పాపను కూర్చోబెట్టాను.

పాప మొదట పుస్తకాల వైపు చూడనే లేదు. పైన తిరిగే పాత ఫ్యాను చప్పుడుకు తలెత్తి, నోరు తెరుచుకుని, చాలాసేపు దాన్నే చూసింది. తరవాత జంపఖానా అంచు కుచ్చులు పీకింది. అప్పటికి నేను కింది అరలోంచి బొమ్మల పుస్తకాలు నాలుగైదు తీసి పెట్టుకున్నాను. నేషనల్ బుక్ ట్రస్ట్ వారివి కొన్ని, ప్రథమ్ బుక్స్ వారి సన్నటి పుస్తకాలు కొన్ని. రెండింటి మీద కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ వారు ఇచ్చినట్టు ముద్ర ఉంది. చాలా పుస్తకాల వెనక గడువు తేదీలు వేసే కాగితం తెల్లగా, ఒక్క ముద్ర కూడా పడకుండా ఉంది. వాటిని ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళే లేరన్నమాట.

పాపను ఒళ్ళో వీపు నాకు ఆనించి కూర్చోబెట్టుకుని, పుస్తకాన్ని దానికి జానా బెత్తెడు దూరంలో పట్టుకున్నాను. మొదటి పేజీలో ఒక ఏనుగు చెరువులో దిగుతోంది. నేను కథ చదవలేదు. ఏనుగును చూపించి, తొండం చూపించి, నీళ్ళు చూపించి, ఇంట్లో స్నానం చేయించేటప్పుడు దానితో ఏ మాటలు మాట్లాడతానో అవే మాటలు మాట్లాడాను. పాప చెయ్యి చాచి అరచేత్తో ఏనుగును కొట్టింది. కాగితం టప్పుమని మోగింది. ఆ చప్పుడు దానికి నచ్చింది. మళ్ళీ కొట్టింది, నా ముఖం చూసింది, మళ్ళీ కొట్టింది. ఆ తరవాత పుస్తకం మూల నోటి దాకా వెళ్ళింది, నేను వేలు అడ్డం పెట్టాను, వేలిని కొరికింది. ఈ వయసులో పిల్లలు వస్తువును తెలుసుకునేది నోటితోనే కాబట్టి దాన్ని తప్పుపట్టి లాభం లేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టడం ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లకు ఒక్కొక్క పుట తిప్పడం చేతకాదు, గుప్పెడు పుటలు ఒకేసారి లాగేస్తుంది. చిన్నప్పటి నుంచి చదివి వినిపించమని అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లో తల్లిదండ్రులకు సిఫారసు చేసిందని చదివినప్పుడు, ఒక తల్లి పుస్తకం పట్టుకుంటే ఒళ్ళో పాప బుద్ధిగా వింటున్న దృశ్యం నా మనసులో మెదిలింది. అసలు దృశ్యంలో వినడం పావువంతు, లాగడం ముప్పావువంతు ఉంటాయి. ఆ పావువంతు మాత్రం నిజంగానే ఉంటుంది: గొంతు ఆపగానే పాప వెనక్కి తిరిగి నా పెదాల వంక చూసేది.

గొంతు అన్నాను గనుక ఒక సంగతి చెప్పాలి. బాలల విభాగానికీ పెద్ద హాలుకీ మధ్య తలుపు లేదు, గుమ్మం మాత్రమే ఉంది. పాప టప్‌టప్‌లూ కేరింతలూ అటు వినిపిస్తూనే ఉన్నాయి. పోలీసు పరీక్ష పుస్తకం ముందున్న ఒక కుర్రాడు రెండుసార్లు తల తిప్పి చూశాడు. నేను లేవబోతుంటే, పత్రిక చదువుకుంటున్న ఒక పెద్ద మాస్టారు గుమ్మం దగ్గరకు వచ్చి, ‘‘కూర్చోమ్మా, ఇది పిల్లల గది. పిల్లల గదిలో పిల్లల చప్పుడు కాక మరేం వినపడాలి?’’ అన్నారు. ఆయన అక్కడితో ఆగకుండా లోపలికి వచ్చి, చేతికర్ర గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుని, తన చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు అరుగు మీద పత్రిక పైకి చదువుతుంటే వీధిలోవాళ్ళు వచ్చి వినేవాళ్ళని చెప్పడం మొదలుపెట్టారు. పాప ఆయన గడ్డాన్ని తదేకంగా చూసింది. ఆయన దానికి ఏనుగు పుస్తకంలోని కథను నాటకం వేసినంత పనిగా చదివి వినిపించారు. నా ముద్దుమాటల కంటే ఆ చదువు ఎంతో బాగుంది. ఇదివరకు ఆ హాల్లో కొన్ని వందల గంటలు కూర్చున్నదాన్నే గానీ, పక్కవాళ్ళతో నేను ఒక్క మాటా మాట్లాడి ఎరగను. పాప వచ్చిన పూటే లైబ్రేరియన్ గారు, అటెండరు, మాస్టారు, డీఎస్సీకి చదువుతున్న ఒక అమ్మాయి పలకరించారు. ఆ అమ్మాయి కాసేపు పాపను ఎత్తుకుని కిటికీ దగ్గర తిప్పింది. పసిపిల్లల బడి పాఠాలకు తయారవుతున్నదాన్ని కాబట్టి ఇది కూడా చదువే అని నవ్వింది. తల తిప్పి చూసిన కుర్రాడు మాత్రం నవ్వలేదు. అతని పరీక్ష దగ్గర పడింది కాబోలు. అతని చిరాకులోనూ న్యాయం ఉంది.

లోట్లు లేకపోలేదు. పసిపిల్లలు కొరికినా చిరగని అట్టపుటల పుస్తకం మా గ్రంథాలయంలో ఒక్కటీ లేదు. పాడైపోతాయన్న భయంతో తెప్పించరో, అడిగినవాళ్ళు లేక తెప్పించరో గానీ, ఉన్నవన్నీ చదవడం వచ్చిన పిల్లలవే. పోటీలు, శిబిరాలు, క్విజ్‌లు కూడా బడికి వెళ్ళే పిల్లల కోసమే. పాలివ్వడానికి చాటు లేదు. నేను అలమర వెనక గోడవైపు తిరిగి కూర్చుని సరిపెట్టుకున్నాను. గుడ్డ మార్చవలసి వస్తే ఇంటికి పరుగెత్తడమే. పై అరల పుస్తకాల మీద దుమ్ము చూసి మా అత్తయ్యగారి తుండుగుడ్డ సలహాకు మనసులోనే దండం పెట్టాను. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు ఈ సంగతులు విని, అక్కడి గ్రంథాలయాల్లో వారానికోసారి పసిపిల్లల తల్లులు చాపల మీద గుండ్రంగా కూర్చుంటారని, లైబ్రేరియనే పాటలు పాడిస్తుందని, తన కొడుకు మొదటి పుట్టినరోజుకి ముందే వాడి పేరుమీద కార్డు వచ్చిందని చెప్పింది. బ్రిటన్‌లో అయితే 1992లో బర్మింగ్‌హామ్‌లో మూడు వందల కుటుంబాలతో మొదలైన బుక్‌స్టార్ట్ పథకం ద్వారా పసిపిల్లలకు పుస్తకాలు ఉచితంగా ఇస్తున్నారు. అవి విని నిట్టూర్చడం నాకు ఇష్టం లేదు. ఆ పాటల గంటకు కావలసిన చాప మన దగ్గర ఉంది, పాటలు వాళ్ళకంటే మన దగ్గర ఎక్కువే ఉన్నాయి. చందమామను పిలవడం, ఉగ్గు పట్టడం, లాల పోయడం, తారంగం ఆడించడం, ఒక్కొక్కదానికీ మన అమ్మమ్మల దగ్గర ఒక పాట ఉంది. డబ్బు లేదనడానికీ లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతున్నాయి. ఆ 8 పైసలు మా ఇంటి రసీదులోనూ ఉన్నాయి, పాప ఆ ఇంటి మనిషే.

వెళ్ళదలచుకున్న తల్లులకు నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు చెబుతాను. మొదటిసారి అరగంటకు మించి ఉండవద్దు; పాప విసుగుచెందకముందే లేచి వచ్చేస్తే రెండోసారి వెళ్ళడం తేలికవుతుంది. ఇంటి నుంచి ఒక గుడ్డపుస్తకమో అట్టపుస్తకమో తీసుకెళ్ళి కొరకడానికి దాన్నే ఇవ్వండి, గ్రంథాలయం పుస్తకాన్ని చూపించడానికి మీ చేతిలోనే ఉంచుకోండి. వీలైతే పాపతో పాటు నాయనమ్మనో తాతయ్యనో తీసుకెళ్ళండి. ఏడుపు మొదలైతే ఎత్తుకుని ఆరుబయట రెండు చుట్లు తిరగడానికి ఇంకో మనిషి ఉండడం ఎంతో నయం, పైగా వాళ్ళూ ఏదో ఒక వారపత్రిక తిరగేస్తారు. ఇంటికి ఒక పుస్తకమైనా తీసుకురండి. మా పాపకు విడిగా కార్డు ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోలేదు, నా కార్డు మీదే ఏనుగు పుస్తకం తెచ్చుకున్నాం. ఆ తెల్ల కాగితం మీద లైబ్రేరియన్ గారు మొదటి తేదీ ముద్ర వేశారు.

రెండు వారాల గడువులో ఆ పుస్తకాన్ని మా ఇంట్లో ఎక్కువసార్లు చదివింది మా అత్తయ్యగారు. రాత్రి పాపకు అన్నం పెట్టేటప్పుడు ఏనుగును చూపించి ముద్ద పెట్టడం ఆవిడకు అనుకూలంగా తోచింది, మూడో పుట మీద నెయ్యి మరక పడింది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ మరక నేనే చూపించాను. లైబ్రేరియన్ గారు పుటను వెలుతురుకు పెట్టి చూసి, పిల్లల పుస్తకమన్నాక నెయ్యి పడుతుందని రిజిస్టరులో ఏమీ రాయలేదు. అప్పుడే ఆదివారం ఉదయం ఒక గంటసేపు బాలల విభాగాన్ని పసిపిల్లలకు విడిచిపెట్టగలరా, ఆ గంట హాల్లో చదువుకునేవాళ్ళకు ముందుగా తెలిసేలా నోటీసు అంటించగలరా అని అడిగాను. నోటిమాట చాలదని, అర్జీ రాసి ఇస్తే జిల్లా కార్యాలయానికి పంపుతానని అన్నారు. మా వీధిలో చిన్నపిల్లలున్న తల్లులతో కలిసి అర్జీ రాశాం. గుమ్మానికి తలుపు, అట్టపుటల పుస్తకాలు కొన్ని, పాలివ్వడానికి ఒక తెర అడిగాం. పెద్ద మాస్టారు ముసాయిదా దిద్ది, తన సంతకం కూడా పెట్టారు. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మేం నాలుగు గంటలకే వెళ్తున్నాం, జంపఖానా పరుచుకునేది ఇప్పుడు మేమే.